కిరీటం సరే, పద్యం వచ్చా? ధైర్యం రాకముందే ధైర్యంగా నిలబడడం ఎలా

మా మేనమామది మైదుకూరు దగ్గర ఒక పల్లె. ఏడాదంతా సేద్యగాడు, తిరునాళ్ళ రాత్రి మాత్రం శ్రీకృష్ణుడు. నాటకానికి నెల ముందే హార్మోనియం మాస్టరు ఊళ్ళో దిగేవాడు. ఆయనకు పూటకొక ఇంట్లో భోజనం, రాత్రి పొద్దుపోయేదాకా పద్యాల సాధన. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. నాటకం రోజు తెర వెనక్కి దూరి చూస్తే మామ ముఖానికి నీలం రంగు, తలమీద అట్టకు తళుకు కాగితం అంటించిన కిరీటం, చేతిలో పిల్లనగ్రోవి. ఆ పిల్లనగ్రోవి గడగడా వణుకుతోంది.

“భయమా మామా?”

“భయం గాకుండా ఎట్లుంటాది పాపా. సాయంత్రం నుంచి మూడుసార్లు చెంబు తీసుకోని పోయొస్తి.”

తెర లేచింది. మామ పిల్లనగ్రోవిని నడుం పట్టీలో దోపుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెల్లగా నాలుగడుగులు వేసి పద్యం ఎత్తుకున్నాడు. కింద చాపలమీద కూర్చున్న జనంలో ఒక్కరికీ ఆ వణుకు తెలియలేదు. తెల్లారి కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ ఒక మాటన్నాడు: “కిరీటం భయాన్ని కప్పుతాది పాపా. పద్యం రాకపోతే దాన్ని యా కిరీటమూ కప్పల్యాదు.”

ఆ మాట నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అది అర్థమవడానికి ఒక రైతుకు ఆరు వేల రూపాయలు పోయాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కొత్త ఉద్యోగంలో చేరబోతున్నవాళ్ళు, మొదటిసారి మైకు పట్టుకోబోతున్నవాళ్ళు, కడపలో రాత్రి బస్సెక్కి హైదరాబాదులో ఇంటర్వ్యూకి దిగేవాళ్ళు, మీకోసమే ఇదంతా. ధైర్యం వచ్చాక మొదలుపెడదాం అని కూర్చుంటే అది ఎప్పటికీ రాదు. పని నాలుగుసార్లు చేశాక వెనకాల నిదానంగా వస్తుంది. ఈలోపు నటించక తప్పదు. అయితే దేన్ని నటించాలి, దేన్ని నటించకూడదు అన్న దగ్గరే చాలామంది బోల్తాపడతారు. నేనూ పడ్డాను.

మొదటి పని: ముందు రోజు రాత్రి ఒక కాగితం

నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు “భయం”, కుడివైపు “తెలియదు” అని రాయండి. రేపటి పని తలుచుకుంటే కడుపులో ఏదేది తిప్పుతోందో అదంతా ఆ కాగితం మీద పెట్టండి. ఏది ఎటువైపు రాయాలో తేలకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎవరూ చూడకుండా, గదిలో ఒంటరిగా ఉంటే ఈ పని చేయగలనా? చేయగలిగితే అది భయం. ఎవరూ లేకపోయినా చేయలేకపోతే అది తెలియకపోవడం.

నేను 2016 అక్టోబరులో మన కడప జిల్లాలోనే ఒక బ్యాంకు బ్రాంచిలో చేరాను. క్యాష్ కౌంటర్లో కూర్చోబెడతామని ముందే చెప్పారు. ఆ రాత్రి రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. ఎడమవైపు ఇట్లాంటివి: జనం ఎదురుగా నోట్లు లెక్కపెట్టడం, ఎవరైనా అరిస్తే నోట మాట రాకపోవడం, క్యూలో ఉన్నవాళ్ళంతా నా చేతులకేసే చూడడం. కుడివైపు: చిరిగిన నోటు ఎప్పుడు తీసుకోవాలి, సంతకం తేడా ఉంటే ఏం చేయాలి, దొంగనోటు వస్తే ఏమనాలి, సాయంత్రం లెక్క తేలకపోతే ఎవరికి చెప్పాలి. ఎడమవైపు పదకొండు, కుడివైపు నాలుగు.

ఎడమవైపు ఉన్నవాటికి కిరీటం చాలు. కుడివైపు ఉన్న ఒక్కొక్కదాని పక్కన ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో రాసుకోండి. దొంగనోటు సంగతి నేను చేరిన మొదటి గంటలోనే హెడ్ క్యాషియర్‌ని అడిగాను. దాన్ని తెచ్చినవాళ్ళకు తిరిగి ఇవ్వకూడదు, ముద్ర కొట్టి మన దగ్గరే ఉంచుకోవాలి, వాళ్ళకు రసీదు ఇవ్వాలి. అడగకపోయుంటే “ఇది చెల్లదన్నా, తీసుకుపో” అని దర్జాగా వెనక్కిచ్చేసేదాన్నే. మూడో వారంలో వచ్చింది ఆ నోటు.

కొందరికి ఇంకో చిక్కు ఉంటుంది. బాగా వచ్చిన పనిని కూడా కుడివైపే రాస్తారు. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు దీన్ని పట్టుకున్నారు. చదువుల్లో, ఉద్యోగాల్లో పైకొచ్చిన ఆడవాళ్ళు కూడా “ఇదంతా అదృష్టం, ఏదో ఒకరోజు నా బండారం బయటపడుతుంది” అని లోలోపల కుమిలిపోవడం చూసి దానికొక పేరు పెట్టారు. మగవాళ్ళకూ ఇది ఉంటుంది. మీరు ఆ బాపతైతే ఇట్లా చేయండి: కుడివైపు రాసిన పనిని ఇదివరకు ఎప్పుడైనా చేశారా? చేసుంటే ఎప్పుడు చేశారో తారీఖు వేసి, దాన్ని కొట్టేసి ఎడమవైపుకు మార్చండి.

రెండో పని: చోటు చూసి రండి

చేరడానికి ముందు ఆదివారం ఊరికే ఆ ఊరు బస్సెక్కాను. బ్యాంకు మూసే ఉంది. అయినా తలుపు ఎటువైపు ఉందో, బస్సు దిగాక ఎంత నడవాలో, ఎదురుగా టీ బంకు ఎక్కడుందో చూశాను. టీ బంకాయన “కొత్త మేడమా?” అని తనే అడిగి, సంత రోజు ఎంత రద్దీ ఉంటుందో చెప్పాడు. మరుసటి రోజు నేను ఆ ఊరికి కొత్తదాన్ని కాదు, రెండోసారి వచ్చినదాన్ని. ఇంటర్వ్యూ అయితే భవనం, మెట్లు, బాత్రూం చూసుకోండి. సభ అయితే మైకు ఎంత ఎత్తులో ఉందో చూసి, ఖాళీ కుర్చీలకు ఒకసారి వినబడేట్టు మాట్లాడండి. దీనికి ఇంతకన్నా ఏం లేదు.

మూడో పని: ఒంటిని దారిలో పెట్టడం

భయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువవుతుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, వేళ్ళు వణుకుతాయి. దీన్ని ఆపాలని చూడకండి, మీవల్ల కాదు. కనబడకుండా చేయడం మాత్రం మీ చేతిలో పనే.

అన్నిటికన్నా ముందు చేతులు. ఒంటి కాగితం పట్టుకుని మాట్లాడకండి. వేలి చివర రవ్వంత వణుకు ఉంటే కాగితం అంచులో అది జానెడై కనిపిస్తుంది, చప్పుడు కూడా చేస్తుంది. పిల్లలు పరీక్షలకు తీసుకుపోయే అట్ట ఉంటుంది చూడండి, క్లిప్పుది, దానికి పెట్టి పట్టుకోండి. వణుకు అందులోనే ఇంకిపోతుంది. మామ పిల్లనగ్రోవిని నడుముకు దోపుకున్నది అందుకే. కౌంటర్లో నేను నేర్చుకున్న చిట్కా ఏమిటంటే, మణికట్లు రెండూ బల్లకు ఆనించి నోట్లు లెక్కపెట్టడం. గాల్లో పట్టుకుంటే వణికే వేళ్ళు బల్ల ఆసరా దొరికితే దారికొస్తాయి. వేళ్ళు తడుపుకునే స్పాంజి డబ్బా దగ్గర పెట్టుకుంటే ఇంకో లాభం ఉంది. నాలుగు నోట్లకోసారి వేలు తడిపే వంకతో ఒక ఊపిరి తీసుకోవచ్చు.

ఊపిరి అన్నాను కాబట్టి చెప్తున్నా. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండాలి, గుండె వేగం అప్పుడే కొంచెం దిగుతుంది. అట్లా ఐదారుసార్లు చాలు. బస్సులో కూర్చుని కూడా చేయొచ్చు, పక్కవాళ్ళకు తెలియదు.

ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో, ఇంటర్వ్యూకి ముందు బాత్రూంలోకి వెళ్ళి నడుంమీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు వీరుడిలా నిలబడమంటున్నారు. మా చిన్నాన్న కొడుకు నిజంగానే అట్లా నిలబడి, తన పేరు పిలిచింది వినబడక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాడు. 2010లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టింది ఆ సలహా. అట్లా నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారతాయన్నారు. 2015లో ఇంకా ఎక్కువమంది మీద మళ్ళీ చేసి చూస్తే హార్మోన్ల మార్పు ఏమీ కనబడలేదు. మొదటి పరిశోధన చేసినవాళ్ళలో ఒకరు తనకే దానిమీద నమ్మకం లేదని 2016లో బహిరంగంగా చెప్పేశారు. కాబట్టి వీరుడి వేషం అక్కర్లేదు. గూని వేసుకుని కూర్చోకపోతే చాలు.

ఇంకొకటి మాత్రం పనిచేస్తుంది. గుండె కొట్టుకుంటున్నప్పుడు “భయపడకు, భయపడకు” అని మనకు మనం చెప్పుకుంటాం. అది తిరగబడుతుంది. 2014లో హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆమె జనంచేత పాటలు పాడించి, ఉపన్యాసాలు ఇప్పించి, లెక్కలు చేయించి చూసింది. ముందు “నాకు హుషారుగా ఉంది” అని పైకి అనుకున్నవాళ్ళు, నిమ్మళంగా ఉండాలని చూసినవాళ్ళకన్నా బాగా చేశారు. దడ దడే, పేరు మారింది. మన దగ్గర ఎట్లాగూ “ఒళ్ళు ఉషారుగా ఉండాది” అనే మాట ఉంది కదా, అది వాడుకోండి.

ఆ పొద్దున ఎర్రకారం దోసె మాత్రం వద్దు. నేను కడప మనిషినే, దాన్ని తక్కువ చేయను. కానీ కారం, వెన్న, భయం మూడూ ఒకే కడుపులో ఇమడవు. రెండు ఇడ్లీలు తిని పొండి, దోసె పని అయ్యాక.

నాలుగో పని: నోరు

మొదటి వాక్యం కంఠతా రావాలి. మొత్తం ప్రసంగం బట్టీ పట్టకండి, మధ్యలో ఒక మాట జారితే మిగతాదంతా జారుతుంది. మొదటి వాక్యం ఒక్కటి, నిద్రలో లేపి అడిగినా చెప్పేట్టు. అది సవ్యంగా బయటపడితే గొంతుకు దారి దొరుకుతుంది.

“నాకు పెద్దగా మాట్లాడడం రాదు, తప్పులుంటే క్షమించండి” అని మొదలుపెట్టకండి. మర్యాద అనుకుంటాం గానీ, వినేవాళ్ళు ఆ క్షణం నుంచి తప్పులకోసం చెవి పెడతారు.

వాక్యం చివర గొంతు కిందికి దిగాలి. భయంలో ప్రతి మాటా ప్రశ్నలాగా పైకి లేస్తుంది. “నా పేరు ఫలానా... మాది కడప...” అని సాగదీస్తే అవతలివాళ్ళను పర్మిషన్ అడుగుతున్నట్టు ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మన గొంతు మనకే అసహ్యంగా వినిపిస్తుంది. అందరికీ అంతే, మూడోసారికి అలవాటవుతుంది.

ఇక యాస. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను. మనవాళ్ళు హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చోగానే “ఉండాది”ని “ఉంది” చేసి, “యాడికి”ని “ఎక్కడికి” చేసి, ప్రతి మాటనూ నోట్లోనే దిద్దుకుంటూ మాట్లాడతారు. సినిమాల్లో సీమ యాస వినిపిస్తే వెనకాల సుమోలు, బాంబులు కూడా వస్తాయి కాబట్టి ఆ సిగ్గు ఎక్కడిదో నాకు తెలుసు. కానీ లోపల ఒక నోరు, బయట ఒక నోరు పెట్టుకుని మాట్లాడేవాడికి ఆలోచించడానికి తీరిక ఎక్కడుంటుంది? అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి అవుతుంది. యాస మార్చకండి, వేగం తగ్గించండి. మనం మామూలుగానే వేగంగా మాట్లాడతాం, భయంలో అది రెట్టింపవుతుంది. అవతలివాళ్ళకు అర్థం కానిది యాస అనుకుంటాం, నిజానికి వేగం.

ఇంగ్లీషు అంటారా, పొట్టి వాక్యాలు. ఒక వాక్యానికి ఒక సంగతి. మధ్యలో మాట దొరకకపోతే ఆగండి. రెండు క్షణాల మౌనం మీకు రెండు నిమిషాల్లా అనిపిస్తుంది, వినేవాళ్ళకు మాత్రం ఆలోచించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది.

ఐదో పని: “తెలీదు” అనడం

ఇది ఒక్కటి వస్తే పైన చెప్పినవన్నీ మరిచిపోయినా పర్లేదు.

ముందు ఆరు వేల రూపాయల సంగతి. చేరిన ఏడాదిన్నరకు నాకు కౌంటర్లో బాగానే నోరు లేచింది. చేతులు వణకడం లేదు, గొంతు దిగుతోంది, జనం “మేడమ్‌ను అడుగు” అనేదాకా వచ్చింది. ఒక రోజు ఒక పెద్దాయన పంట అప్పు పాస్‌బుక్ తెచ్చాడు. రెండు లక్షల అప్పు, గడువుకు ఇంకా ఇరవై రోజులుంది. ఉల్లి పండించాడు, ధర లేదు, ఇంట్లో పోసుకుని కూర్చున్నాడు. “ధర వచ్చినాక కడితే ఏమన్నా అయితాదా పాపా?” అని అడిగాడు.

నాకు తెలిసింది సగం. పంట అప్పు గడువు దాటిన నెలకే మొండి బాకీ అయిపోదని, స్వల్పకాలిక పంటలకైతే రెండు పంటకాలాలు దాటాలని అంతకు ముందు వారమే ఎవరో చెప్తుంటే విన్నాను. “ఏం కాదు పెద్దాయనా, ఒక నెల అటూ ఇటూ అయినా ఏమీ కాదు” అని నోట్ల కట్ట రబ్బరు బ్యాండ్‌లోకి దోపుతూ, తలెత్తకుండా, గొంతు చివర దించి చెప్పాను. ఎంత చక్కగా నటించానో అంత చక్కగా నమ్మాడు.

నాకు తెలియని సగం ఇది. అప్పట్లో మూడు లక్షల లోపు పంట అప్పుకు వడ్డీ 7 శాతం. గడువు లోపల కడితే కేంద్రం అందులో 3 శాతం రాయితీ ఇచ్చేది, రైతుకు 4 శాతమే పడేది. గడువు ఒక్క రోజు దాటినా ఆ 3 శాతం పోయేది. రెండు లక్షల మీద ఏడాదికి ఆరు వేలు. ఆయన నలభై రోజుల తర్వాత వచ్చి కట్టాడు. లెక్క చూసి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అరవలేదు. “నువ్వు తడబడుతా చెప్పింటే ఇంకొకరిని అడిగింటా పాపా. గట్టిగా చెప్తివి, నమ్మితి” అన్నాడు.

మామ మాట అప్పుడు అర్థమైంది. నా తలమీద కిరీటం బాగానే కుదిరింది, పద్యం రాలేదు. పిరికిగా చెప్పిన తప్పు మనతోనే ఉండిపోతుంది. ధైర్యంగా చెప్పిన తప్పును అవతలివాళ్ళు ఇంటికి తీసుకుపోతారు.

దీనికి ఎదురు ఉదాహరణ మా మేనేజరు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు చెల్లవన్నారు. 9న బ్యాంకులు మూత. 10న షట్టరు ఎత్తేసరికి రోడ్డు దాకా జనం. నేను చేరి నెల కాలేదు. లోపల మాకు పంపిన కాగితాలు మాకే అర్థం కావడంలేదు. ఆయన బయటికి వెళ్ళి, ఒక కుర్చీ వేసుకుని ఎక్కి నిలబడ్డాడు.

“నాకు తెలిసిన మూడు మాటలు చెప్తా. ఒక మనిషికి నాలుగు వేలు మారుస్తాం. గుర్తింపు కార్డు జిరాక్సు కావాల. లోపల డబ్బు ఉన్నంతసేపు ఇస్తాం, అయిపోతే రేపు. ఇంక రేపు రూలు మారుతాదా, పెండ్లిండ్లకు ఎంత ఇస్తారు అంటే నాకు తెలీదు. తెలిసిన గంటలో ఈ బోర్డు మీద రాస్తా.”

జనం గొణిగారు గానీ వరస కుదిరింది. ఆ నాలుగు వేలు తర్వాత 4,500 అయింది, 18 నుంచి 2,000 అయింది, 24 దాటాక మార్చడమే ఆగిపోయింది. ప్రతిసారీ ఆయన బోర్డు మీద సుద్దముక్కతో రాశాడు. లోపలికొచ్చి నీళ్ళ సీసా ఎత్తినప్పుడు ఆయన చెయ్యి ఎంత వణికిందో నేను చూశాను, సగం నీళ్ళు చొక్కా మీదే. భయాన్ని దాచాడు, తెలియనిదాన్ని బోర్డుమీదే పెట్టాడు.

కాబట్టి “తెలీదు” అనడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. మూడు ముక్కలు ఉండాలి: ఏది తెలీదో, ఎవరిని కనుక్కుంటారో, ఎన్ని గంటలకు చెప్తారో. “రాయితీ గడువు సంగతి నాకు ఖాయంగా తెలీదు పెద్దాయనా. ఫీల్డ్ ఆఫీసర్ సార్‌ని కనుక్కుంటా. మూడు గంటలకు రా, చెప్తా.” మెల్లగా, గొంతు చివర దించి, ముఖం చూసి చెప్పండి. “మరి... అదీ... అనుకుంటా...” అని నసిగితే మీకు తెలియదని వాళ్ళకు ఎట్లాగూ తెలిసిపోతుంది, పైగా ఎప్పుడు తెలుస్తుందో తెలియదు. ఇంటర్వ్యూలో అయితే “ఇది నేను చేయలేదండి. దీనికి దగ్గరగా ఫలానా పని చేశాను, చెప్పమంటారా?” అనండి. సగంమంది చెప్పమంటారు.

మూడు గంటలకు అన్నాక మూడు గంటలకు చెప్పి తీరాలి. అప్పటికి జవాబు దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి. ఇది తప్పితే పైదంతా దండగ.

ఆరో పని: ఒక్కరి దగ్గర కిరీటం తీయండి

అందరి ముందూ నటిస్తే ఆరు నెలలకు మనిషి ఎండిపోతుంది. ఆఫీసులో ఒక్కరిని ఎంచుకోండి. అధికారి కాకపోతే మంచిది, మీతోపాటు పోటీలో ఉన్నవాళ్ళు అసలే వద్దు. నాకు హెడ్ క్యాషియర్ దొరికారు, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి. రోజంతా సందేహాలు చిన్న నోటుపుస్తకంలో రాసుకుని సాయంత్రం లెక్క తేలాక అన్నీ ఒకేసారి అడిగేదాన్ని. పది నిమిషాలకోసారి లేచి వెళ్తే ఆయనకు విసుగు, చూసేవాళ్ళకు లోకువ. అడిగిందే మళ్ళీ అడగకూడదు, పుస్తకం ఉండేది అందుకే.

సి.పి. బ్రౌన్ పేరు కడపలో తెలియనివాళ్ళు ఉండరు. 1820లో కలెక్టరుకు అసిస్టెంటుగా ఇక్కడ దిగినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. మద్రాసులో పరీక్షకు చదివిన తెలుగే చేతిలో ఉంది. కచేరీలో దొర హోదా అనే కిరీటం ఎట్లాగూ ఉంది, దానితోనే సరిపెట్టుకుని పోయిన దొరలు ఎందరో. ఈయన కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, వాళ్ళ ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, నిఘంటువు 1852లో. కచేరీలో దొర, బంగళాలో శిష్యుడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి బ్రౌన్ గ్రంథాలయం. ఎప్పుడైనా అటు పోతే కాసేపు కూర్చుని రండి, చల్లగా ఉంటుంది.

ఏడో పని: బెడిసికొట్టినప్పుడు

కొడుతుంది. మాట తడబడుతుంది, గ్లాసు పడుతుంది, మైకు కుయ్యిమంటుంది. అప్పుడు “అయ్యో సారీ సారీ” అని నాలుగుసార్లు అనకండి. ఒక్కసారి అని, తప్పు దిద్ది, ముందుకు పోండి.

మన తప్పు అందరూ చూశారనుకుంటాం. 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, కొందరున్న గదిలోకి పంపారు. దాదాపు సగంమంది నా చొక్కా చూసుంటారని వాళ్ళు అనుకున్నారు. నిజంగా చూసింది నాలుగో వంతే. భయం సంగతీ ఇంతే. ఉపన్యాసం ఇవ్వబోయేవాళ్ళకు “మీ కంగారు మీకు అనిపించినంతగా బయటికి కనబడదు” అని ముందే చెప్తే వాళ్ళు ఇంకా బాగా మాట్లాడారని 2003లో వచ్చిన ఇంకో పరిశోధన చెప్పింది. మొన్నామధ్య మా హెడ్ క్యాషియర్ కనిపిస్తే, నా మొదటి రోజు వణుకు గురించి అడిగాను. ఆయనకు గుర్తే లేదు. “నువ్వు టిఫిన్ క్యారియర్ తెచ్చుకోలేదు, నా సంగటి సగం తిన్నావు, అది గుర్తుంది” అన్నారు.

వారానికోసారి మొదటి రాత్రి కాగితం తీసి చూడండి. ఎడమవైపు ఏదైనా ఇప్పుడు మామూలైపోయి ఉంటే కొట్టేయండి. నాకు పదకొండులో పది కొట్టేయడానికి ఏడు నెలలు పట్టింది. ఒకటి ఇంకా ఉంది అనుకోండి, ఆడిట్ వచ్చినప్పుడు. దానికి ఇప్పటికీ అట్ట పట్టుకునే కూర్చుంటాను.

నటన అసలే పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. బండి స్టీరింగు దగ్గర, మందుల దగ్గర, కరెంటు తీగల దగ్గర, ఇంకొకరి డబ్బు దగ్గర రానిది వచ్చినట్టు నటించకండి. అక్కడ చెయ్యి వెనక్కి తీసుకుని తెలిసినవాళ్ళను పిలవండి.

పోయిన ఏడు మా బ్రాంచికి ఒక కొత్త అమ్మాయి వచ్చింది, జమ్మలమడుగు వైపు పిల్ల. మొదటి రోజు చేతులు చూస్తే పాపం నా చేతులే గుర్తొచ్చాయి. పరీక్ష అట్ట ఒకటి, స్పాంజి డబ్బా ఒకటి ఇచ్చి, మూడు ముక్కల వాక్యం నేర్పాను. రెండో రోజే ఒకాయన వచ్చి పంట అప్పు రెన్యువల్ గురించి ఏదో అడిగాడు. నేను పక్క కౌంటర్లో ఉన్నా, ఊపిరి బిగబట్టి వింటున్నా. అమ్మాయి మణికట్లు బల్లకు ఆనించి, ఆయన ముఖం చూసి, గొంతు చివర దించి చెప్పింది: “ఇది నాకు ఖాయంగా తెలీదు పెద్దాయనా. మేనేజర్ సార్‌ని కనుక్కుంటా. మూడు గంటలకు రా, చెప్తా.”

పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని, గోడమీద గడియారం చూశాడు.

“మూడింటికంటే మా ఊరి బస్సు పోతాది పాపా. రెండున్నరకే కనుక్కో.”